పంతులూ, నీ కథలు తెరుచుకున్నాయి

విజయవాడ,
ఆదివారం, మిట్టమధ్యాహ్నం.

ఒరేయ్ పంతులూ,

నువ్వు నీ పాత కథల సీడీ పంపి రెండు నెలలు దాటింది. ఈపాటికి నన్ను ఎన్ని తిట్టుకున్నావో తెలుసు, అందులో సగం న్యాయమే. ఫోన్లో చెప్దామంటే సగం విని "సరేలే" అంటావు, అందుకే కాగితం మీద పెడుతున్నా. అమ్మ మోకాళ్ళు ఫర్వాలేదు. పాప పరీక్షలైపోయాయి. ఎండల గురించి గుంటూరోడికి చెప్పేదేముంది. రెండు నిమ్మసోడాల బాకీ అలాగే ఉంది, వడ్డీ అడక్కు. కబుర్లు అయిపోయాయి.

నీ కథలు తెరుచుకున్నాయిరా! 23లో 22. "నీళ్ళ ట్యాంకు" ఒక్కటే మొండికేసింది, ఆ ఫైలు సీడీ మీదే చెడిపోయింది. దాన్ని పాత సంచికలోంచి మళ్ళీ టైపు కొట్టించడమే.

అసలు ఏం జరిగిందంటే, అప్పట్లో డీటీపీ షాపులో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, "అను" అనే తెలుగు ఫాంట్లతో కొట్టించావు కదా. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గడుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారంతే: తలకట్టు ఒక గడి, గుడి ఒక గడి, వత్తు ఒక గడి. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు, ఫాంటు తీసేస్తే పిచ్చిగీతలు. పేజ్‌మేకర్ చూస్తే 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. అంటే నీ 23 కథలూ రెండు పాత సాఫ్ట్‌వేర్ల దయ మీద బతుకుతున్నాయన్నమాట. ఇది తల్చుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నువ్వు మాత్రం హాయిగా గుర్రు పెట్టుంటావు.

నువ్వు మళ్ళీ చేస్తే ఇలా చెయ్. కథలో కర్సర్ పెట్టి, అంతా సెలెక్ట్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్. ఉత్త టెక్స్ట్‌గా తియ్యకు, ఆర్‌టీఎఫ్‌గా తియ్యి. ఉత్త టెక్స్ట్‌లో ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో పోతుంది, అప్పుడు ఆ పిచ్చిగీతల్ని అసలు తెలుగు అక్షరాల్లోకి, అంటే యూనికోడ్‌లోకి, మార్చే కన్వర్టర్ కథలో ఉన్న ఇంగ్లీషు మాటల్ని కూడా తెలుగనుకుని నమిలేస్తుంది. పీడీఎఫ్ నుంచి కాపీ కొట్టడం ఇంకా దండగ, వరసే తారుమారవుతుంది. కన్వర్టర్‌కి ఏ వెర్షన్ అను ఫాంటో సరిగ్గా చెప్పాలి. తప్పు చెప్తే కథ మొత్తం ఊడిపోదు, అక్కడొకటీ ఇక్కడొకటీ అక్షరం మారి, సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదీ అసలు ప్రమాదం.

ఇక వచ్చే తప్పులు. క్రావడి ముందుకి దూకుతుంది: ప్రపంచం "ర్పపంచం" అవుతుంది, ప్రేమ "ర్పేమ" అవుతుంది. (కాలేజీ వెనక గోడ మీద నువ్వు రాసింది గుర్తుందా? ఆ కన్వర్టర్ నీ శిష్యుడేమోనని అనుమానం వచ్చింది. పంతులూ అని ఊరికే పేరు పెట్టామా!) "మొ" అనేది "వె"కి కొమ్ములు తగిలించుకుని వస్తుంది, చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ వెతికితే దొరకదు. అన్నిటికంటే దొంగది సున్న. తెలుగు అంకె సున్నా వేరు, అక్షరాల సున్న వేరు. తెరమీద కవలపిల్లలు. "అ౦తే" అని అంకె పడితే మనిషి చదువుకుంటాడు, వెతికే యంత్రానికి మాత్రం అది వేరే మాట. నీ 22 కథల్లో ఇవి ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు, వరసపెట్టి ఫైండ్-రీప్లేస్ కొట్టా. మిగిలినవి కంటితో చూడాల్సిందే. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని పైకి చదువు, వదినని వినమను. ఆవిడైతే తప్పు వదలదు.

ఇప్పుడు వీటిని ఎక్కడ పెట్టాలన్నది. నువ్వేమో ఏదో యాప్‌లో వరసగా పోస్ట్ చేస్తానంటున్నావు. చెయ్యి, వద్దనను, జనం అక్కడున్నారు. కానీ అసలు ప్రతి అక్కడ పెట్టకు. జియోసిటీస్ అని 1994లో మొదలైంది, లక్షలమంది అక్కడ పేజీలు కట్టుకున్నారు, 2009 అక్టోబరులో మూసేశారు. మైస్పేస్ అనే సోషల్ సైటు ఇంకా ఘోరం: మూత కూడా పడలేదు, సర్వర్లు మారుస్తూ జనం ఎక్కించిన పాత పాటలు పోగొట్టామని 2019లో తేలిగ్గా చెప్పింది. వాళ్ళు దుర్మార్గులని కాదురా, నీ కథ వాళ్ళకి పట్టికలో ఒక వరస అంతే. వెబ్‌ని కనిపెట్టిన సెర్న్ సంస్థే 1993 ఏప్రిల్ 30న దాన్ని రుసుము లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది, మనమేమో... సరే, కోపం తర్వాత.

అందుకని సొంత సైటు పెట్టు. నీ చేతిలో ఉండాల్సినవి రెండే: సైటు పేరు (దాన్నే డొమైన్ అంటారు), ఫైళ్ళు. మధ్యలో ఉండే హోస్టింగ్, అంటే ఫైళ్ళని నెట్‌లో ఉంచే చోటు, ఎవడిదైనా ఫర్వాలేదు, రేపు మార్చేయొచ్చు.

పేరు ముందు కొను. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ. తెలుగులో డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుంది, నీకు మోజు ఉంటుందని తెలుసు. కానీ చాలాచోట్ల కాపీ కొట్టగానే ఎక్స్-ఎన్-గీత-గీత అని మొదలయ్యే చెత్తగా మారుతుంది. అందుకని ఇంగ్లీషు అక్షరాల పేరు అసలుది పెట్టుకుని, తెలుగు పేరుని దానికి మళ్ళించు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకు, రెన్యువల్ ధర చూడు. డిజైనర్ కుర్రాడెవడో "నేను కొనిపెడతా సార్" అంటాడు, వద్దు. వాడి ఈమెయిల్‌తో కొంటే పేరు వాడిది. నీ పేరు, నీ ఈమెయిల్, నీ ఫోను. ఆ ఈమెయిల్ కూడా ఇదే డొమైన్ మీద ఉండకూడదు: గడువు తీరి డొమైన్ పడిపోతే, "కట్టండి బాబూ" అని వచ్చే మెయిల్ కూడా పడిపోయిన ఇంట్లోనే పడుతుంది. డాట్ కామ్ అయితే గడువు దాటాక, పేరు అమ్మిన రిజిస్ట్రార్ ఇచ్చే కొన్నాళ్ళ వెసులుబాటు, తర్వాత 30 రోజులు జరిమానాతో విడిపించుకునే అవకాశం, ఆపైన ఎవరూ ముట్టుకోలేని 5 రోజులు, అంతే, ఎవడు పట్టుకుంటే వాడిది. ఒకేసారి 10 ఏళ్ళ దాకా కట్టొచ్చు. నీ మతిమరుపుకి అదే మందు.

నీ పాత కంప్యూటర్ని ఇంట్లోనే సర్వర్ చేస్తానన్నావు. సరదాకి సరే, కథలకి వద్దు. అది 70 వాట్లు తాగుతుందనుకో, రోజంతా నడిస్తే నెలకి 50 యూనిట్లు. అరచేతిలో పట్టే చిన్న బోర్డు 5 వాట్లతో సరిపెట్టుకుంటుంది, నెలకి మూడున్నర యూనిట్లు చిల్లర, కానీ మెమరీ కార్డు మీద నడిపితే రాతలు ఎక్కువై కార్డు చస్తుంది, చిన్న ఎస్ఎస్‌డీ తగిలించాలి. ఇవన్నీ చేసినా అసలు చిక్కు వేరే. నీ రౌటర్ పేజీలోకి వెళ్ళి WAN అడ్రసు, అంటే బయటి నెట్ వైపు అడ్రసు, చూడు. 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే నువ్వు వందలమందితో కలిసి ఒకే అడ్రసు వెనకాల ఉన్నట్టు. బయటివాడు నీ తలుపు కొట్టలేడు, నువ్వు రౌటర్లో పోర్టు అనే ఆ తలుపు ఎంత తెరిచినా. కరెంటు పోతే సరేసరి.

అందుకని మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది) తీసుకో, లేదా ఉత్త పేజీలని ఉచితంగా పెట్టనిచ్చేవి ఉన్నాయి. గిట్‌హబ్ పేజెస్ అయితే సైటు 1 జీబీ దాకా, నెలకి సుమారు 100 జీబీ రాకపోకల దాకా ఊరుకుంటుంది. నీ కథ ఎంతని? తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) 3 బైట్లు, గుణింతం గుర్తుకి మళ్ళీ 3. అలా లెక్కేసినా 1500 మాటల కథ 40 కేబీకి అటూఇటూ. 23 కలిపి 1 ఎంబీ కాదు! నీ పొద్దుటి శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే బరువు, అవి పంపడం ఎప్పుడాపుతావు?

కథకో హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే ఒక వెబ్ పేజీ. డేటాబేసూ గీటాబేసూ వద్దు, అప్‌డేట్ చెయ్యకపోతే ఎవడో దూరేవి మనకెందుకు. ఫైలు పేర్లు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే, మాటల మధ్య చిన్న గీత. తెలుగులో పెడితే లింకు పంపినప్పుడు "కథ" అన్న రెండక్షరాలే శాతం గుర్తులతో 18 అక్షరాల తోక అవుతుంది. పెద్దక్షరం ఒక్కటి దొర్లినా చిక్కే: నీ విండోస్‌లో లింకు పనిచేస్తుంది, లైనక్స్ సర్వర్‌కి పెద్దా చిన్నా వేరు, 404, పేజీ లేదు అని మొహాన కొడుతుంది. ఒకసారి పెట్టిన పేరు మళ్ళీ మార్చకు, అవతల ఎవడో దాచుకుని ఉంటాడు.

పేజీ పైన క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అనీ, భాష తెలుగు అనీ రాయాలి. రెండోది జనం మర్చిపోతారు. ఫాంటుకి మండలి తీసుకో, శీర్షికకి రామభద్ర. రెండూ స్వేచ్ఛా లైసెన్సువే, ఫైలు నీ ఫోల్డర్లోనే పెట్టుకోవచ్చు, ఇంకొకళ్ళ సర్వర్ నుంచి తెచ్చుకోనక్కర్లేదు. వోఫ్2 (WOFF2) అనే కుదించిన వెబ్ ఫాంటు రకంలోకి మార్చితే చిన్నదవుతుంది. కానీ ఇంకా చిన్నది చేద్దామని కత్తిరించేటప్పుడు లోపలి లేఅవుట్ పట్టికలు ఎగిరిపోతే వత్తులన్నీ ఊడి పక్కన నిలబడతాయి, స్కూల్ గ్రూప్ ఫోటోలో నీలాగా. వరసల మధ్య ఎడం 1.8 ఇవ్వు, ఇంగ్లీషుకి చాలే 1.4 మనకి పనికిరాదు, పైవరస వత్తు కిందివరస గుడికి తగులుతుంది. అక్షరాల మధ్య ఎడం సున్నా. రెండు అంచులూ సమానంగా సర్దకు. ఫోను వెడల్పులో మన పొడుగు మాటలకి మధ్యలో గుంటలు పడతాయి.

సైటు భద్రమని బ్రౌజర్‌కి చెప్పే సర్టిఫికెట్ (అదే, తాళం బొమ్మ) కోసం డబ్బు కట్టక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, గడువు తీరేలోపు సర్వర్ దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. తెచ్చుకోవట్లేదని నీకు తెలిసేది మాత్రం ఎవడో ఫోన్ చేసి "మీ సైటు ప్రమాదం అంటోంది" అన్నప్పుడే. సాధారణంగా సర్వర్లో వెబ్ తలుపైన పోర్టు 80 మూసేసి ఉంటుంది, లేదా డీఎన్‌ఎస్ (సైటు పేరు ఏ సర్వర్‌దో చెప్పే పట్టిక) వేరేచోటికి మారి ఉంటుంది. ముందు అవి చూడు.

మరో సంగతి, బొమ్మలు. వీక్లీలో కథ పక్కన వేసిన బొమ్మ నీది కాదు, గీసినాయనది. అడిగి పెట్టు. కథ మాత్రం, హక్కులు రాసివ్వనంతవరకూ, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నీదే. నువ్వు సంతకం పెట్టిన ఆ ఒక్క కాగితం ఓసారి వెతుకు. హక్కులు ఎన్నాళ్ళకో అందులో రాయకపోతే చట్టం అయిదేళ్ళనే అనుకుంటుంది, కాబట్టి ఈపాటికి... కాగితం దొరికాక మాట్లాడదాం. అనుమతి వచ్చిన బొమ్మలు అంగుళానికి 300 చుక్కల మీద స్కాన్ చేసి టిఫ్ దాచుకో, సైటుకి 1600 పిక్సెళ్ళ జేపెగ్ చాలు.

ప్రతులు మూడు. ఒకటి నీ దగ్గర బ్రాడీపేటలో, ఒకటి నా దగ్గర, ఒకటి సర్వర్లో. కృష్ణకి ఇవతలొకటి అవతలొకటన్నమాట. నవ్వకు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు చూశాం కదా. ఇంట్లో రెండు హార్డ్‌డిస్కులు ఒకే బీరువాలో ఉంటే అవి రెండు ప్రతులు కాదు. ఇంకోటి: ఏడాదికోసారి ఇల్లు ఖాళీ చేసే రిహార్సల్ వెయ్యి. నీ ఫోల్డర్ని వేరే హోస్టింగ్‌లోకి ఎక్కించి చూడు. గంటలో లేవకపోతే ఎక్కడో పాతవాడికి కట్టుబడిపోయావన్నమాట. నిజంగా మారేటప్పుడు డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (పాత అడ్రసుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే అంకె) 86400 ఉంటే ముందురోజే 300కి దించు. లేకపోతే సగం జనం ఒక రోజంతా పాత ఇంటికే పోతారు.

పెన్‌డ్రైవ్ ఇదే కవర్లో ఉంది. మా మేనల్లుడు గుంటూరు బస్సెక్కుతున్నాడు, ఇందాకట్నుంచీ గుమ్మంలో నిలబడి గునుస్తున్నాడు. ఆగరా బాబూ అంటే ఆగట్లేదు.

నువ్వు చదివి రికార్డు చేస్తానన్న ఆడియో గురించి గబగబా: మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3, గొంతుకి చాలు. అరగంట కథ 14 ఎంబీ చిల్లర. వెయ్యిమంది వింటే 14 జీబీ, ఇది మాత్రం హోస్టింగ్ వాడిని ముందే అడుగు. వినేవాళ్ళకి కొత్త కథ దానంతటదే చేరాలంటే ఆర్‌ఎస్‌ఎస్ ఫైలు ఒకటి రాయాలి, అందులో ఎన్‌క్లోజర్ అన్నచోట అడ్రసు, రకం, పొడవు మూడూ ఉండాలి. పొడవంటే నిమిషాలు కాదురోయ్, బైట్లు, అక్కడే అందరూ

వీడు చెప్పులేసేసుకున్నాడు. ఫోన్ చెయ్.

నీ
సోడా బాకీ