మా పుస్తకాల జాబితా మాకు తిరిగొస్తుందా?

సంపాదకుల వారికి,

బళ్లు తెరిచే వేళకు లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు హెడ్మాస్టర్ల గదుల ముందు కనిపిస్తుంటారు. లాప్‌టాప్ తెరిచి, స్కానర్‌తో ఒక పుస్తకం బార్‌కోడ్‌ను 'కీక్' మనిపించి చూపిస్తారు. ఆరేళ్ల కిందట మేమూ అలాగే మురిసిపోయి కొన్నాం. మాది ఉన్నత పాఠశాల, లైబ్రేరియన్ లేడు. తెలుగు చెప్పే నాకే బీరువాల తాళాలూ ఇచ్చారు.

రెండు వేల పైచిలుకు పుస్తకాలను, వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టరు చూసి ఎక్కించడానికి ఇద్దరు టీచర్లం ఒక వేసవి సెలవులన్నీ కూర్చున్నాం. మూడో ఏడు కంప్యూటర్ పాడైంది. కొత్తదాంట్లో వేయమని అడగడానికి చేస్తే కంపెనీ ఫోన్ ఎత్తలేదు. బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంది గానీ, ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరుచుకోదు. మళ్లీ పాత రిజిస్టరే దిక్కయింది. దానికి చెదలు పట్టలేదు, అదే పదివేలు.

అందుకే కొనబోయే వాళ్లకు చెబుతున్నాను. డబ్బు చేతిలో పెట్టకముందే 'ఈ జాబితా మొత్తం ఎక్సెల్‌లోకో, మార్క్ 21లోకో తీసి చూపించు బాబూ' అని అడగండి. మార్క్ 21 అంటే ఒక గ్రంథాలయం ఎక్కించిన పుస్తక వివరాలు ఇంకో గ్రంథాలయానికీ పనికొచ్చేలా చాలా దేశాల్లో వాడుతున్న పద్ధతి. నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపేయండి.

తెలుగు సంగతీ అక్కడే తేల్చుకోవాలి. మాకు అమ్మినదాంట్లో తెలుగు పడేది కాదు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం. 'కథలు' అన్న మాటను నేను టీ, హెచ్‌లతో రాస్తే, మా లెక్కల మాస్టారు డీ, హెచ్‌లతో రాశారు. ఏడో తరగతి పిల్ల వచ్చి కథల పుస్తకం వెతికితే సగమే కనిపించేవి. మిగతా సగం ఆ పిల్ల వెనకాల బీరువాలోనే ఉండేవి! డీటీపీ వాళ్లు వాడే 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొట్టించినా లాభం లేదు, వేరే చోట తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ పద్ధతి అయితేనే వెతుకులాట కుదురుతుంది.

ఉచితంగా దొరికేవీ లేకపోలేదు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా ఉంది. మావోరీ భాషలో ఆ మాటకు అర్థమే కానుక. మన హైదరాబాద్‌లో పుట్టిన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్‌సోర్స్ అయింది, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది. అయితే కోహా ఉచితమంటే సాఫ్ట్‌వేర్ వరకే. సర్వర్, దాన్ని నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన మనిషి ఉచితం కాదు. రెండు వేల పుస్తకాల బడికి అంత తలనొప్పి ఎందుకు? సరిగ్గా నింపిన ఎక్సెల్ షీటు చాలు. నవ్వితే నవ్వండి.

కానీ ఒక్కో బడికి తలకు మించిన భారం జిల్లాకు కాదు. కోహాలో ఒకే సర్వర్ మీద ఎన్ని శాఖలనైనా నడపొచ్చు. జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక సర్వర్ పెట్టి, శాఖా గ్రంథాలయాలనూ బళ్లనూ అందులో కలిపితే, ఒక పుస్తకం వివరాలు ఒకరు ఎక్కిస్తే మిగతావాళ్లు ఆ పుస్తకానికి తమ యాక్సెషన్ నంబరు చేర్చుకుంటే సరిపోతుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కదా. విద్యాశాఖ, గ్రంథాలయ సంస్థ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది.

అందాకా మేం ఎక్సెల్‌లోనే మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి తెలుగులో. నిన్నటికి 640వ పుస్తకం దగ్గరున్నాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు