ఆవర్తన పట్టిక పదో తరగతిలోనే ఉండాలి

సంపాదకులకు,

పోయిన ఆదివారం నా పాత విద్యార్థిని ఒకామె కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లవాడిది సెంట్రల్ సిలబస్, పదో తరగతి. "సార్, మీరు సోడియం ముక్క నీళ్లలో వేసి చూపించిన పాఠం వీడి పుస్తకంలో లేదు" అంది. తిరగేసి చూశాను, నిజమే. మూలకాలని గుణాల పోలికని బట్టి వరుసల్లో పేర్చిన ఆవర్తన పట్టిక పాఠమే లేదు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. కిరోసిన్ సీసాలోంచి తీసి చాకుతో కోస్తే సోడియం జున్నుముక్కలా తెగింది. కోసిన చోట వెండిలా మెరిసి, పిల్లలు ముందుకు వంగి చూసేలోపే మసకబారింది. ఆవగింజంత ముక్కని, క్షారం తగిలితే గులాబీ రంగుకి మారే ఫినాఫ్తలీన్ కలిపిన నీళ్లలో వేస్తే బుస్సుమంటూ అటూ ఇటూ పరుగెత్తింది. వెళ్లిన దారంతా గులాబీ రంగు. ఈ అమ్మాయి గోడ మీది పట్టిక చూసి, "సార్, దీని కిందున్న పొటాషియం ఇంకా జోరుగా ఉంటుందా?" అని అడిగింది. మా ల్యాబ్‌లో పొటాషియం లేదు. చూడకుండానే కనిపెట్టింది! గ్రూపులో, అంటే పట్టికలోని ఒక నిలువు వరుసలో, కిందికి దిగేకొద్దీ చివరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, పట్టు సడలుతుంది. అందుకే అది తేలిగ్గా ఊడిపోతుంది, ఇలాంటి లోహాల్లో చర్య జోరందుకుంటుంది. మర్నాటికి అనుకున్న ఆ మాట అప్పుడే చెప్పాల్సి వచ్చింది.

రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ చేసిందీ ఇలాంటి పనే. 1869లో పట్టిక వేశాడు. అల్యూమినియం కింద ఖాళీ వదిలి, అక్కడికి రాబోయే మూలకం సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 5.9 గ్రాములు ఉంటుందన్నాడు. 1875లో ఫ్రాన్స్‌లో గాలియం దొరికింది. కనుక్కున్నాయన ముందు 4.7 అని లెక్క తేల్చాడు. మళ్లీ శుద్ధి చేసి కొలవమన్నాడు మెండలీవ్. కొలిస్తే 5.9! మూలకాన్ని కంటితో చూడనివాడి మాటే నిలిచింది. ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీవాళ్లు కూడా తలెత్తేవాళ్లు.

కోవిడ్ తర్వాత పిల్లల చదువు భారం తగ్గించాలని, సెంట్రల్ సిలబస్ పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ ఈ పాఠాన్ని పదో తరగతిలోంచి తీసేసింది. పదకొండులో ఉంది కదా అంటారు. సైన్స్ తీసుకున్నవాళ్లకే అది. ఈ అమ్మాయి ఇంటర్‌లో సీఈసీ తీసుకుంది, ఆమె చదివిన కెమిస్ట్రీ పదో తరగతితోనే సరి. అయినా ఇన్నేళ్లకీ ఆ సోడియం ముక్కని మర్చిపోలేదు. బట్టీ పట్టాల్సిన పాఠాలు ఇంకా ఎన్నో ఉండగా, పిల్లలు తమంతట తాము ఊహించి చెప్పగలిగిన పాఠమే భారమైందా?

ఆ పాఠాన్ని మళ్లీ పదో తరగతిలో చేర్చాలని కోరుతున్నాను. అందాకా సైన్స్ టీచర్లు రెండు పీరియడ్లయినా దీనికి కేటాయించాలి. ఆ పిల్లవాణ్ణి వచ్చే ఆదివారం రమ్మన్నాను. అటక మీదున్న పాత పట్టిక దించి, దుమ్ము దులిపి పెట్టాను.

– విశ్రాంత ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా