అర్హత పరీక్ష చదువు రోగి పడక దగ్గర మొదలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చినవారికి జాతీయ వైద్యశాస్త్ర పరీక్షల మండలి నిర్వహించే అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈ ఫలితాలు వెలువడిన ప్రతిసారీ పత్రికల్లో ఒకే తరహా వార్త కనిపిస్తుంది. చాలా విడతల్లో ఉత్తీర్ణత పాతిక శాతం కూడా దాటలేదన్నది దాని సారాంశం కాగా, అక్కడి కళాశాలల్లో చదువు లేదని కొందరు, వెళ్లిన పిల్లల్లోనే సరుకు లేదని మరికొందరు వ్యాఖ్యానిస్తుంటారు. ఆ వాదనల్లో నిజమెంతో తేల్చడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. వైద్య కళాశాలలో చాలాకాలం మెడిసిన్ బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, ఇప్పుడు విశాఖలో ఈ పరీక్షకు చదువుకుంటున్న కొందరికి సాయంత్రాలు సందేహాలు తీరుస్తున్నవాడిని కనుక, ఆ వార్తల్లో ఎక్కడా కానరాని ఒక సంగతిని మీ పాఠకుల ముందుంచాలనుకుంటున్నాను. వీరు చదివినదాన్ని తిరగేసుకునే పద్ధతే తప్పుదారిలో ఉంది. దాన్ని సరిచేయగల వనరు మన కలెక్టరేట్‌కు కూతవేటు దూరంలోనే ఉంది.

పరీక్ష స్వరూపం తెలియనివారి కోసం రెండు మాటలు. మొత్తం 300 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్కో మార్కు. సగానికి 150 చొప్పున రెండు భాగాలు, ప్రశ్నకు ఒక నిమిషం లెక్కన సమయం. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, 150 వస్తే గట్టెక్కినట్టే. ఇందులో ఎనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు 17 చొప్పున, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలకు 13 చొప్పున, ఫోరెన్సిక్ మెడిసిన్‌కు 10, వెరసి మౌలిక శాస్త్రాలకు 100 మార్కులు. మిగిలిన 200 మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వైద్యం, ప్రజారోగ్యం వంటి క్లినికల్ విభాగాలకు. ఈ పట్టిక చూడగానే ఎవరికైనా ఒక లెక్క తడుతుంది. బయోకెమిస్ట్రీ మొత్తం వదిలేస్తే పోయేది 17 మార్కులే, ఆ రోజులు ప్రసూతికి పెడితే 30 మార్కులకు ఢోకా ఉండదు అన్నదే ఆ లెక్క. కోచింగ్ కేంద్రాలు కూడా దీన్నే వేరే మాటల్లో చెబుతాయి. చూడటానికి ఒప్పుగానే ఉన్న ఈ లెక్కలో మర్చిపోతున్నదేమిటంటే, క్లినికల్ అని పేరు పెట్టిన ఆ 200 ప్రశ్నల్లో చాలా భాగం మౌలిక శాస్త్రాన్నే రోగి నోట అడిగించినవి కావడం.

ఒక ఉదాహరణ కాస్త విడమరిచి చెప్పనివ్వండి. యాభై అయిదేళ్ల వ్యక్తి గుండెనొప్పితో, చెమటలతో వస్తాడు. ఈసీజీలో గుండె కింది గోడను చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచి ఉంటుంది. బీపీ 84/60, నాడి నిమిషానికి 48, మెడలో సిరలు ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తుల్లో మాత్రం ఏ చప్పుడూ లేదు. గుండెపోటు అని ఎవరైనా చెబుతారు. గుండెపోటంటే నాలుక కింద నైట్రేట్ మాత్ర అన్న బిట్ నోటికి వచ్చినవాడు ఆ మాత్రే పెడతాడు, బీపీ అక్కడికక్కడే పడిపోతుంది. ఎక్కువమందిలో గుండె కింది గోడకూ, కుడి జఠరికకూ (కుడివైపు కింది గది), గుండె కొట్టుకునే సంకేతాన్ని కింది గదులకు చేరవేసే ఏవీ నోడ్‌కూ రక్తం తెచ్చేది కుడి కరోనరీ ధమనే అన్నది ఎనాటమీ. నాడి ఎందుకు నెమ్మదించిందో, పోటు కుడి జఠరిక దాకా పాకిందేమోనని ఛాతీ కుడివైపు లీడ్లు ఎందుకు పెట్టి చూడాలో అదే చెబుతుంది. దెబ్బతిన్న కుడి జఠరిక తనకు అందే సిరల రక్తం మీదే ఆధారపడి నెట్టుకొస్తుందన్నది ఫిజియాలజీ. నైట్రేట్ సిరలను వ్యాకోచింపజేసి ఆ కాస్త రక్తాన్నీ కిందే నిలబెట్టేస్తుందన్నది ఫార్మకాలజీ. మాత్ర మానేసి సెలైన్ జాగ్రత్తగా ఎక్కించాలన్న నిర్ణయం ఈ మూడూ కలిసిన చోట పుడుతుంది. పట్టికలో ఇది మెడిసిన్ కింద ఒక మార్కు ప్రశ్న. వదిలేసిన సబ్జెక్టుల తాలూకు నష్టం ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు.

ద్వారకానగర్ పరిసరాల్లోని రీడింగ్ హాళ్లలో ఏ సాయంత్రం చూసినా కనిపించే దృశ్యం వేరు. ఫోనులో పాఠం రెట్టింపు వేగంతో పరుగెడుతుంటుంది, పక్కన నాలుగు రంగుల పెన్నులతో గీతలు గీసిన నోట్సు, అందులో పొడి అక్షరాలతో కూర్చిన గుర్తుమాటలు, కింది వరుసలో పాత పరీక్షల్లో వచ్చిన బిట్లు. ‘వాన్ గీర్కే అంటే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్’ అని, పుట్టుకతో వచ్చే ఒక జబ్బుకూ అందులో లోపించే ఎంజైముకూ ముడిపెట్టి ఒక అమ్మాయి చటుక్కున చెబుతుంది. ఆ ఎంజైము లేని పసివాడికి తెల్లవారేసరికి చక్కెర ఎందుకు పడిపోతుందో, పొట్ట ఎందుకు ఉబ్బి ఉంటుందో అడిగితే ‘అది ఇంపార్టెంట్ కాదు సార్’ అంటుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టను. అయిదారేళ్లు పరాయి దేశంలో, చాలాచోట్ల రోగులతో మాట్లాడేందుకు భాష చాలక, వార్డులో వెనక వరుసలో నిలబడి వచ్చిన బిడ్డ ఆమె. ఇంటి మీద అప్పుంది, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాయాలన్న భయముంది. అలాంటివారికి బిట్ బ్యాంకు తప్ప వేరే దారి మనం చూపించలేదు.

రోగ నిర్ధారణ బిట్లకు లొంగదనడానికి మన ప్రాంతపు జ్వరాలే సాక్ష్యం. వానలు వెనకబట్టాక ఉత్తరాంధ్రలో వారం దాటిన జ్వరంతో వచ్చేవారిలో స్క్రబ్ టైఫస్ (పొదల్లోని నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) ఉన్నవారు కొందరుంటారు. పరీక్షలో దీన్ని బొమ్మ ఇచ్చి అడుగుతారు: సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి పొక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు. బొమ్మ చూసి ఎస్కార్ అనడానికి అయిదు సెకన్లు చాలు. వార్డులో ఆ పొక్కు ఎవరూ చూపించరు. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు; చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో, నడుం దగ్గర బట్ట బిగిసేచోటో దాక్కుని ఉంటుంది. తెర వేయించి, ఆడరోగి అయితే నర్సును పక్కన ఉంచుకుని, బట్టలు సడలించి ఒళ్లంతా వెతికితేనే దొరుకుతుంది. దొరికాక, అప్పటికే అయిదు రోజులుగా ఇస్తున్న సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. ఆ సూక్ష్మజీవి మన కణాల లోపల బతికేది, కణకుడ్యం మీద దెబ్బకొట్టే ఆ జాతి మందులకు లొంగనిది. సూక్ష్మజీవి ప్రోటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌ను అడ్డగించే డాక్సీసైక్లిన్ మాత్రం పనిచేస్తుంది. ఒకసారి స్వయంగా ఆ పొక్కును వెతికి పట్టుకున్న విద్యార్థికి మైక్రోబయాలజీలో ఆ పేజీ మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

పరీక్షల ఫలితాలను చదవడం గురించి కూడా చెప్పాలి. జ్వరం వచ్చిన నాలుగోరోజున వైడల్ అనే యాంటీబాడీల రక్తపరీక్ష చేయించి ‘టైఫాయిడ్ పాజిటివ్’ అన్న కాగితం చేతికి రాని తెలుగు కుటుంబం అరుదు. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే ప్రాంతంలో పాత ఇన్‌ఫెక్షన్ల వల్ల, టీకాల వల్ల కూడా ఆ యాంటీబాడీలు కొంత ఉండనే ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడల్‌తో జబ్బును ఖాయం చేయలేం, మొదటి వారంలో నమ్మదగింది, రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షే. ఇక్కడ ప్రజారోగ్య విభాగంలోని గణాంకాల పాఠం అక్కరకొస్తుంది. జబ్బున్న వందమందిలో 90 మందిని పట్టుకునే, జబ్బు లేని వందమందిలో 90 మందిని లేదనే చెప్పే ఒక పరీక్ష ఉందనుకుందాం. వెయ్యిమందిలో పదిమందికే ఆ జబ్బున్న చోట దాన్ని అందరికీ చేస్తే, జబ్బున్నవారిలో తొమ్మిది మందికి, లేనివారిలో 99 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న 108 మందిలో నిజంగా రోగులు తొమ్మిది మందే. అదే పరీక్షను, సగం మందికి ఆ జబ్బు ఉండే అవకాశమున్న వార్డులో చేస్తే పాజిటివ్ వచ్చిన పదిమందిలో తొమ్మిది మంది నిజంగా రోగులే అవుతారు. కిట్టు మారలేదు, మారింది మనం పరీక్ష చేయించిన మనుషులు. రోగిని ప్రశ్నలడిగి, ఒళ్లు చూసి, జబ్బు అవకాశాన్ని ముందే అంచనా కట్టనివాడికి ల్యాబు ఎంత గొప్పదైనా ప్రయోజనం తక్కువ. పై ఉదాహరణలోని ఆ రెండు తొంభైలకు పేర్లయిన సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీల సూత్రాలను మా పిల్లలు క్షణంలో అప్పజెబుతారు. ఎదురుగా ఉన్న రిపోర్టును ఎంతవరకు నమ్మాలంటే మౌనం వహిస్తారు.

వదిలేయమంటున్న బయోకెమిస్ట్రీ సంగతి చూద్దాం. వైవాక్స్ మలేరియాలో కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయే పరాన్నజీవిని తుదముట్టించడానికి 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తాం. జీ6పీడీ ఎంజైము లోపించినవారికి ఈ మాత్ర పడితే ఎర్రకణాలు చితికిపోయి మూత్రం నల్లబడుతుంది. ఎర్రకణానికి మైటోకాండ్రియాలు లేవని, ఆక్సీకరణ దెబ్బను కాచుకునే గ్లూటాథయోన్‌ను నిలబెట్టే ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థం దానికి ఈ ఎంజైము నడిపే ఒక్క దారిలోనే దొరుకుతుందని తెలిసినవాడు మాత్ర రాసే ముందు ఈ లోపం ఉందేమోనన్న ప్రశ్న అడుగుతాడు. కణాలు చితికిపోతున్న సమయంలోనే పరీక్ష చేయిస్తే, లోపం ఎక్కువగా ఉన్న ముసలి కణాలు అప్పటికే పోయి ఎంజైము ఎక్కువుండే లేత కణాలు మిగలడం వల్ల, రిపోర్టు మామూలుగా రావచ్చని కూడా వాడికి తోస్తుంది. పాడేరు, అరకు వైపు పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీలో ఒంటరిగా కూర్చోబోయే డాక్టరుకు ఇది 17 మార్కుల వ్యవహారం కాదు. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మోతాదు మించినవారికి ఫోలిక్ ఆమ్లం కాక ఫోలినిక్ ఆమ్లమే ఎందుకివ్వాలన్న ప్రశ్నా ఇలాంటిదే: మందు అడ్డుకున్న ఎంజైమును దాటుకుని పనిచేయగలిగేది రెండోదే. మెథోట్రెక్సేట్ చెందిన మందుల కుటుంబం అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో రూపుదిద్దుకుంది. మద్రాసులో ఆయనకు పూర్తి డిగ్రీ దక్కక ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిందన్న సంగతి మా పిల్లలకు చెబితే వారి ముఖాలు కాస్త తేటపడతాయి.

ముందు పాసవ్వనివ్వండి, వైద్యం ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకుంటారు అని తోటి అధ్యాపకులు కొందరు నాతో వాదించారు. పాసైనవారికి ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్నమాట నిజమే. కానీ నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున జవాబివ్వాల్సిన పరీక్షలో, రోగి కథను చదవగానే జబ్బు స్ఫురించడం పడక దగ్గర అలవడే నేర్పే. వెయ్యి బిట్లు చదివినవాడు రెండు జవాబుల మధ్య ఊగిసలాడుతుంటే, పదిమంది రోగులను పట్టి చూసినవాడు ముందుకు సాగిపోతాడు. పైగా ఈ జాడ్యం విదేశాల నుంచి వచ్చినవారికే పరిమితం కాదు. పీజీ సీటు కోసం మన ప్రభుత్వ కళాశాలల విద్యార్థులు సైతం ఇంటర్న్‌షిప్‌లో వార్డు వదిలి బిట్ బ్యాంకుల్లో తలదూర్చుతున్నారు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఇక్కడ చదివినవారికీ, విదేశాల్లో చదివినవారికీ ఉమ్మడి అర్హత పరీక్షగా ప్రతిపాదించిన నెక్స్ట్ వాయిదా పడుతూ వస్తోంది. అది వచ్చినప్పుడు ఈ సమస్య అందరి గుమ్మంలోకీ వస్తుంది.

అందుచేత నా విన్నపం ఇది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి అయిన కింగ్ జార్జ్ ఆసుపత్రి మన మధ్యే ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, దక్షిణ ఒడిశా నుంచి వచ్చే రోగుల్లో పుస్తకంలోని అధ్యాయాలన్నీ కనిపిస్తాయి. అర్హత పరీక్షకు చదువుతున్నవారిని చిన్న జట్లుగా, వారానికి మూడు సాయంత్రాలు, ఓపీ రద్దీ తగ్గాక వార్డుల్లోకి అనుమతించాలి. వారికి ఇంకా వైద్యం చేసే హక్కు లేదు కనుక మందు రాయడం, సూది వేయడం వంటివి ఉండవు. రోగి సమ్మతితో కథ అడగడం, అధ్యాపకుడి ఎదుట ఒళ్లు పరీక్షించడం, తర్వాత పక్క గదిలో కూర్చుని ఆ జబ్బు వెనకనున్న ఎనాటమీ, ఫిజియాలజీ, మందుల సంగతి అరగంట మాట్లాడుకోవడం, అంతే. కళాశాలలోని ఎనాటమీ, పాథాలజీ మ్యూజియంలను ఆదివారాలు వీరికోసం తెరిచి ఉంచితే ఇంకా మేలు. జీతం అడగకుండా వచ్చి చెప్పేందుకు నాలాంటి విశ్రాంత అధ్యాపకులు ఈ ఊళ్లో ఉన్నారు. మాకు కావలసిందల్లా ప్రిన్సిపాల్, సూపరింటెండెంట్ల అనుమతి, దానికి వైద్యవిద్య సంచాలకుల నుంచి ఒక ఉత్తర్వు. నామమాత్రపు రుసుము పెట్టి ఆసుపత్రి అభివృద్ధి నిధికి జమచేసినా ఎవరూ కాదనరు, కోచింగ్‌కు కడుతున్న దానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. పరీక్ష ఏటా జూన్ విడత, డిసెంబరు విడత అని రెండుసార్లు జరుగుతుంది కాబట్టి, ఫిబ్రవరిలో ఒక జట్టును, ఆగస్టులో మరో జట్టును మొదలుపెట్టేలా ఉత్తర్వు వస్తే రాబోయే విడత నుంచే ఇది అమలు చేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత మెడిసిన్ అధ్యాపకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం.