బోరు వరకు ఇంట్లో, క్రాంకు దగ్గర ఆగండి

సంపాదకులకు,

వానలు పడ్డాయంటే నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో నీట మునిగిన బైకులు, ఆయిల్ చూసుకోక ఇంజిన్ తిరగకుండా పట్టేసిన బైకులు వరసగా బయటపడతాయి. ఫోనులో వీడియో పెట్టుకుని ఇంటి అరుగు మీదే ఇంజిన్ విప్పేస్తున్నారు. విప్పుకోవచ్చు గానీ, ఎక్కడ ఆపాలో ముందే తెలిసుండాలి. సిలిండర్‌లో పిస్టన్ ఆడే కన్నాన్ని బోరు అంటాం, పిస్టన్ తోపుతో కింద తిరిగే ఇరుసుని క్రాంకు అంటాం.

ఇంజిన్ పట్టేసిందని కిక్కు మీద నిలబడి తొక్కొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ కన్నంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. కదలకపోతే అక్కడితో ఆపేయండి.

కదిలితే, ఇంజిన్ కింది నుంచి దించిన ఆయిల్‌ని పలచటి తెల్లగుడ్డలో వడకట్టండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు దిగాయి. గుడ్డ మీద మిగిలిన మెరుపు పొడికి అయస్కాంతం చూపించండి. అంటుకోకపోతే అల్యూమినియం, చాలాసార్లు పిస్టన్ది. ఇనప రజను అంటుకుంటే బేరింగో గేరో అరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు పైన కొత్త పిస్టన్ వేసినా నిలవదు, కింది రజను మళ్లీ ఆయిల్‌తో పాటు పైకి చేరుతుంది. నిర్ణయం సగం ఈ గుడ్డ దగ్గరే అయిపోతుంది.

ఇక హెడ్డు (సిలిండర్ పై మూత), బ్లాకు (సిలిండర్ ఉండే దిమ్మ). టైమింగ్ గుర్తులు (వాల్వులూ క్రాంకూ లెక్కగా కలిసి తిరగడానికి వేసినవి) కలిపి, టైమింగ్ చైన్ కింద పడకుండా తీగతో కట్టి విప్పండి. పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను జారకుండా పట్టుకునే లాక్ తీసే ముందు కేసు (క్రాంకు ఉండే ఇంజిన్ కింది పెట్టె) నోట్లో గుడ్డ కుక్కండి. ఆ చిన్న లాక్ లోపల పడితే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. ఆ లాక్‌లు మళ్లీ వాడకూడదు. బ్లాకు ఎత్తాక రాడ్డు పట్టుకుని నిలువునా పైకీ కిందకీ లాగండి. ‘టక్’మంటే క్రాంకు పోయినట్టే. పక్కలకి కొంచెం ఆడటం మామూలే.

బోరులో నిలువు గీతలకు గోరు తగిలితే రీబోర్, అంటే బోరుని కొంచెం వెడల్పుగా కోయించడం, తప్పదు. ముందు ఓవర్‌సైజు (మామూలు కన్నా కొంచెం లావు) పిస్టన్ కొని, బ్లాకుతో పాటు లేత్ షాపుకి పట్టుకెళ్లండి. పిస్టన్ కొలిచాకే బోరు కొయ్యాలి, అంచనాతో కోసిన బోరు మళ్లీ పట్టేస్తుంది. సైజులు 0.25, 0.50 మి.మీ. ఇలా పెరుగుతాయి. ఎంతకు కోశారో చీటీ మీద రాయించుకోండి, మన షాపుల్లో ఎవరూ అడగరు, వాళ్లూ రాయరు. డ్యూక్, ఆర్15 లాంటి బైకులకి లోపల పూత ఉండే, లేదా ప్రత్యేక అల్యూమినియంతో చేసిన సిలిండర్ ఉంటుంది. వాటికి రీబోర్ లేదు, బ్లాకు మార్చడమే.

బిగించేటప్పుడు పిస్టన్ రింగుల మీద అక్షరం పైకి ఉండాలి, మూడు రింగుల సందులు ఒకదానికొకటి దూరంగా తిప్పి ఉంచాలి. అతుకుల దగ్గర ఆయిల్ కారకుండా రాసే గాస్కెట్ పేస్టు బోలెడు రాస్తే మిగిలింది ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డం పడుతుంది. స్ప్లెండర్‌కి ఆ జల్లెడతో పాటు క్లచ్ కవరు లోపల తిరిగే ఫిల్టర్‌ కూడా ఉంది. దాన్ని కడగకుండా మూస్తే పాత రజను అక్కడే ఉండిపోతుంది. మొదటి 500 కిలోమీటర్లు బరువు మొయ్యకుండా మెల్లగా నడిపి ఆయిల్ మార్చండి.

క్రాంకు దెబ్బతింటే ఇంట్లో పని అక్కడితో సరి. క్రాంకు చివర కరెంటు పుట్టించే చక్రం, అంటే మేగ్నెట్, ఊడదీయడానికి పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) కావాలి, సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలే ఊడతాయి. కొత్త రాడ్డు, దాని బేరింగు ఉన్న కిట్టుని ప్రెస్సులో ఎక్కించాక క్రాంకు సూటిగా తిరుగుతోందో లేదో డయల్ గేజీ పెట్టి మి.మీ.లో వందో వంతుల లెక్కన సరిచూడాలి. అరుగు మీద అది కుదరదు. ఖర్చు బండి అమ్మకపు ధరలో సగం దాటేలా ఉంటే మాత్రం ఆలోచించండి.

చౌకగా దొరికిందని పాత కేసు కొనేవారికి ఒక మాట. ఇంజిన్ నంబరు కేసు మీదే ఉంటుంది. అమ్మినవాడి కాగితాలు తీసుకుని, రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి తెచ్చుకుని, ఆర్‌సీలో నంబరు మార్పించాకే బిగించండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిము దగ్గర ఆ నంబరే అడ్డం తిరుగుతుంది.

— ఒక మోటారు మెకానిక్, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా