ఆ నాలుగు నెలల పని ఎవరి లెక్కలోకి వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో టీనేజీ పిల్లల పుస్తకాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫాంటసీల గురించి, ప్రేమకథల గురించి ఓపిగ్గా రాసిన వ్యాసకర్త సైన్స్ ఆధారంగా నడిచే మిస్టరీ నవలల దగ్గరికి వచ్చేసరికి మంచి కాలక్షేపం అని ఒక్క మాటతో దాటేశారు. మనసుకు కష్టమనిపించింది. ఇరవై ఎనిమిదేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా అలాంటి నవలలు రాసే ఒక రచయిత్రి రాతప్రతులు చదివి, సైన్స్ ఎక్కడ తప్పిందో చెబుతున్నాను. ఆ పనిలో ఎంత చాకిరీ ఉందో దగ్గరుండి చూసినవాణ్ణి కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆవిడ మూడో నవల సంగతి చెబుతాను. మొదటి ప్రతిలో పదిహేనేళ్ల అమ్మాయి ఒక గదిలో నేల మీద, రక్తపు జాడలు వెతకడానికి వాడే లూమినాల్ అనే రసాయనం చల్లుతుంది. చీకట్లో నీలం వెలుగు. "రక్తం!" అంటుంది. ఆ గది తుడిచే పనివాడే దోషి అని తేలిపోతుంది. నేను పక్కన ఎర్ర సిరాతో రాశాను: "ఇది రక్తమేనని ఎలా తెలిసింది?" ఎందుకంటే లూమినాల్‌ను వెలిగించేది రక్తం ఒక్కటే కాదు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆ రసాయన చర్యను ఎలా వేగవంతం చేస్తుందో, రాగి కూడా అలాగే చేస్తుంది. బ్లీచింగ్ ద్రావణంతో కడిగిన నేలా మెరుస్తుంది. హార్స్‌రాడిష్ దుంప రసం పడినా మెరుస్తుంది. అందుకే ఫోరెన్సిక్ వాళ్లు ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికే దాన్ని వాడతారు. రక్తమని ఖాయం చేయడానికి వేరే పరీక్షలు ఉంటాయి.

మూడు రోజులు ఫోన్ రాలేదు. నాలుగో రోజు చేసి, "మాస్టారూ, నా చివరి ఆరు అధ్యాయాలూ కూలిపోయాయి" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

తిరగరాయడానికి నాలుగు నెలలు పట్టింది. కొత్త ప్రతిలోనూ అదే గది, అదే నీలం వెలుగు. నేల మీద మాపు తిప్పిన వంపులు మెరుస్తున్నాయి. రక్తాన్ని తుడిచినా ఇలాగే కనిపిస్తుంది కదా అనుకుంటుంది అమ్మాయి. కానీ ఈసారి అక్కడితో ఆగదు. ఏ నేరమూ జరగని పక్క గదిలోకి వెళ్లి అక్కడా చల్లుతుంది. అక్కడా అవే వంపులు, అదే వెలుగు. ఆ తర్వాత నమూనాలు ల్యాబుకు పోతాయి, రక్తం కాదని తేలుతుంది, పనివాడు బయటపడతాడు. ఇలా పోల్చి చూడటానికి పక్క గదిలో చల్లడాన్నే మేం కంట్రోల్ అంటాం. అది ఎందుకు అవసరమో నేను పాఠం చెప్పిన ఏ పుస్తకమూ పిల్లల మనసుకు ఇంత గట్టిగా తాకేలా చెప్పలేదు.

ఆ నాలుగు నెలలకు ప్రచురణకర్త విడిగా ఇచ్చింది ఏమీ లేదు. ముందు ఒప్పుకున్న అడ్వాన్సే. పైగా గడువు దాటిందని పుస్తకాన్ని మరుసటి ఏడాదికి తోసేశారు.

కథే కదా, అంత పట్టింపు ఎందుకు అని చాలామంది అడుగుతారు. నిజంగా జరిగింది చెబుతాను. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్, డీఎన్‌ఏను బట్టి మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను కనిపెట్టింది 1984లో. ఆ చుట్టుపక్కలే పదిహేనేళ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. వాటిలో ఒకటి తానే చేశానని పదిహేడేళ్ల కుర్రాడు పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాడు. 1986లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే, రెండు హత్యల్లోనూ హంతకుడు ఒక్కడేనని, అది ఈ కుర్రాడు కాదని తేలింది. అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. అంటే నేర పరిశోధనలో అడుగుపెట్టగానే డీఎన్‌ఏ చేసిన మొదటి పని ఒక నిర్దోషిని విడిపించడం. ఆ నిర్దోషిది సరిగ్గా ఈ నవలలు చదివే వయసు.

మరోవైపు 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసు ఉంది. ఒక సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలోని ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తర్వాత ఒకరు ఖాయం చేశారు. ఆయన రెండు వారాల పాటు నిర్బంధంలో ఉన్నారు. ఆ ముద్ర వేరొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక గానీ వదల్లేదు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక ఇంకా గట్టిగా మాట్లాడింది. ఒక ఆధారాన్ని ఫలానా మనిషికే ముడిపెట్టగల సత్తా ఉందని శాస్త్రీయంగా రుజువైంది డీఎన్‌ఏ ఒక్కటేనని, పంటి గాట్లు, వెంట్రుకల పోలికల లాంటి వాటికి ఆ బలం లేదని చెప్పింది. సినిమాల్లో, సీరియళ్లలో మాత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చిందంటే ఇక తిరుగుండదు. చనిపోయిన సమయం గంటా నిమిషాలతో సహా చెప్పేస్తారు. రేపు సాక్షులుగా, లాయర్లుగా, పోలీసులుగా, జడ్జీలుగా నిలబడబోయేది ఈ పిల్లలే. ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగి ఇంకో ప్రశ్న అడగాలో కథలో లీనమై నేర్చుకునే అవకాశం వాళ్లకు ఇస్తున్నది ఈ రచయితలు. దాన్ని కాలక్షేపం అనడం అన్యాయం.

పెద్దల కోసం రాసినవాళ్ల గొప్పదనం అందరం ఒప్పుకుంటాం. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి విషాల గురించి నేర్చుకున్నారు. 1961లో వచ్చిన ఆమె నవల 'ది పేల్ హార్స్'లో థాలియం విషం లక్షణాలు ఎంత సరిగ్గా ఉన్నాయంటే, 1977లో ఖతార్ నుంచి లండన్ ఆసుపత్రికి తెచ్చిన పసిబిడ్డ జబ్బు డాక్టర్లకు అంతుచిక్కనప్పుడు, అప్పుడే ఆ నవల చదువుతున్న ఒక నర్సు థాలియమేమోనని అనుమానించింది. పరీక్షలో అదే నిజమైంది, బిడ్డ బతికింది. ఆ నర్సుకు జుట్టు రాలడం లాంటి లక్షణాలు గుర్తుండిపోయాయంటే, రచయిత వాటిని అంత శ్రద్ధగా కథలో కలిపారన్నమాట.

టీనేజీ పిల్లల కోసం అదే శ్రద్ధతో రాసేవాళ్ల బతుకు మాత్రం వేరు. కాథీ రైక్స్ లాంటివారు 2010లో కొడుకుతో కలిసి యువ పాఠకులకు రాయడం మొదలుపెట్టేనాటికే పేరున్న ఫోరెన్సిక్ ఆంత్రపాలజిస్టు (నేర పరిశోధన కోసం ఎముకలను పరీక్షించే నిపుణురాలు), పేరున్న నవలాకారిణి. మిగతావాళ్లకు సొంత ల్యాబ్ ఉండదు, అడిగితే చెప్పే డాక్టరు ఉండడు. ఇంకో కష్టం బయటివాళ్లకు కనిపించదు. పద్నాలుగేళ్లకు దగ్గరైన పాఠకుడు నాలుగేళ్లలో పెద్దల పుస్తకాల వైపు వెళ్లిపోతాడు. పెద్దల రచయితతో పాఠకులు ముప్పై ఏళ్లు కలిసి నడుస్తారు. ఈ రచయిత మాత్రం నాలుగైదేళ్లకోసారి మళ్లీ మొదటినుంచి పరిచయం చేసుకోవాలి. ఈలోగా సైన్సూ ముందుకు పోతుంది. డీఎన్‌ఏ ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూడటం మీదే ఉత్కంఠ నడిపిన పాత నవల, రెండు గంటల్లోపే ఫలితమిచ్చే యంత్రాలు వచ్చాక పిల్లలకు వింతగా అనిపిస్తుంది. దాన్ని దిద్దడానికి పట్టే కాలానికి ఎవరూ డబ్బు కట్టరు. ఇక అవార్డుల దగ్గరికి వస్తే, సైన్స్ రచనకు ఇచ్చేవాళ్లు ఇది కథ అంటారు, సాహిత్యానికి ఇచ్చేవాళ్లు ఇది డిటెక్టివ్ అంటారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఇలాంటి నవల సమీక్షకు వస్తే సైన్స్ తెలిసిన ఒకరి చేత కూడా చదివించండి. తప్పుంటే తప్పని, బాగుంటే ఎందుకు బాగుందో రాయండి. ప్రచురణకర్తలు రాతప్రతిని సరిచూసేవారికి ఫీజు ఇవ్వాలని, తిరగరాయడానికి రచయితకు గడువు, డబ్బు రెండూ ఒప్పందంలోనే రాయాలని మీ పత్రిక అడిగితే దానికి బరువుంటుంది. నేను ఈ పని ఇష్టంతో ఉచితంగా చేస్తున్నాను, చేస్తూనే ఉంటాను. కానీ నాకు తెలిసింది కెమిస్ట్రీ ఒక్కటే.

అది ఎంత లోటో నాలుగో నవలలో తెలిసింది. అందులో ఒక సాక్షి, అర్ధరాత్రి అప్పుడే పైకొస్తున్న పున్నమి చంద్రుడి వెలుగులో మనిషిని గుర్తుపట్టానంటాడు. అందరూ నమ్ముతారు. నేనూ చదివి వదిలేశాను. పుస్తకం వచ్చిన నెలకు పద్నాలుగేళ్ల పాఠకుడొకడు ఉత్తరం రాశాడు. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకే ఉదయిస్తాడని, అర్ధరాత్రికి నడినెత్తి దగ్గర ఉంటాడని, కాబట్టి సాక్షి అబద్ధమాడుతున్నాడా లేక మీరు పొరబడ్డారా అని అడిగాడు. కింద సూర్యుడు, భూమి, చంద్రుడు పెన్సిల్‌తో గీసి, భూమి మీద నిలబడ్డ సాక్షిని చిన్న చుక్కగా పెట్టాడు. ఆవిడ ఆ కాగితాన్ని రాసుకునే బల్ల ముందు గోడకు అంటించుకున్నారు. ఆ ఒక్క వాక్యాన్ని దిద్దమని ఆ వారమే ప్రచురణకర్తను అడిగారు. మూడో ముద్రణ దాకా దిద్దలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ ఉపాధ్యాయుడు