భోజనం తరువాతి పీరియడు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం.

మధ్యాహ్న భోజనం తరువాత వచ్చే లెక్కల పీరియడులో ఆరో తరగతి పిల్లలు సగం మంది కునికిపాట్లు పడుతున్నారనీ, బల్ల మీద బెత్తంతో కొడితే తప్ప తలలెత్తడం లేదనీ నీవు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆ సంగతే ఆలోచిస్తున్నాను. పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బల్లను కొట్టవద్దని అందులో లేదు గానీ, ఆ చప్పుడుకు లేచేది తలలే, బుర్రలు కావు. అన్నం తిన్నా తినకపోయినా ఆ వేళకు ఒళ్ళు మందగించడం సహజం కనుక పిల్లల మీద కోపం పెట్టుకోకు.

ప్రశ్న అడిగి, ఊపిరి తీసుకునేలోగా జవాబు కూడా నేనే చెప్పేయడం నా ఉద్యోగంలో చాలాకాలం సాగిన పొరపాటు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల నాటికే తరగతుల్లోని మాటలను టేపుల మీద రికార్డు చేసి పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న తరువాత సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారనీ, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు నిడివిగా వస్తాయనీ, అంతవరకు నోరు విప్పనివారు కూడా మాట్లాడతారనీ చూపింది. ఆ మూడు సెకన్లు నాకు మూడు గంటలయ్యేవి; వరండాలో వెళ్తున్న హెడ్‌మాస్టరుగారు నేను పాఠం మరిచిపోయాననుకుంటారేమోనని బెంగగా ఉండేది.

పేరు కూడా చివరనే పిలువు. ముందే పిలిస్తే తక్కినవారంతా గండం గడిచిందనుకుంటారు.

‘అర్థమైందా?’ అని మాత్రం అడగకు. ‘అయింది టీచర్’ అనే కోరస్ నిద్రలో కూడా వస్తుంది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగి, జవాబును పలకల మీద రాయించి ఒక్కసారిగా ఎత్తించు. నాలుగు మూడుకంటే పెద్దది కనుక నాలుగో వంతే పెద్దదని రాసినవారు చాలామందే కనిపిస్తారు. వారిని తప్పుపట్టక, ఒకే బెల్లం అచ్చును ముగ్గురు పంచుకుంటే ఎక్కువ వస్తుందా, నలుగురు పంచుకుంటేనా అని అడిగి ఊరుకో. వాదన వారే మొదలుపెడతారు, అప్పుడు కునికేవారెవరో చూద్దాం.

అటక మీద నా పాత పలకలు రెండు డజన్ల దాకా ఉన్నాయి. తుడిచి, ఆదివారం బస్సులో పంపిస్తాను.

ఇట్లు,
మీ నాన్న