ఇంటి సంఘాలకు టార్గెట్లు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

చర్చి భవనం లేకుండా ఇళ్లలోనే కూడి ప్రార్థించే క్రైస్తవ గుంపులను ఇంటి సంఘాలు, గృహ సంఘాలు అంటారు. అలాంటి సంఘాల అంతర్జాతీయ సంస్థ ఒకటి ఎంత వేగంగా విస్తరిస్తున్నదో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎన్ని దేశాలు, ఎన్ని సంఘాలు, ఎన్ని బాప్తిస్మాలు అన్నీ అంకెల్లో ఇచ్చారు. పక్కనే చిన్న గదిలో చాప మీద కూర్చుని ప్రార్థిస్తున్న ఆడవాళ్ల ఫోటో వేశారు. ముఖాలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది చూసినప్పటి నుంచి మనసు స్థిమితంగా లేదు.

నేను కోనసీమలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా ఇంటి వసారాలో ఎన్నో ఏళ్లుగా గురువారం సాయంత్రం కూడిక జరుగుతోంది. కువైట్‌కో, దోహాకో, మస్కట్‌కో పనికి వెళ్లిన ఆడమనిషి లేని వీధి మా చుట్టుపక్కల కనబడదు. మా చెల్లెలి కూతురు కూడా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అక్కడ సెలవు శుక్రవారం. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) బయటికి పంపిన వారం నగరంలోని ఎవాంజెలికల్ చర్చి ఆవరణకు వెళ్తుంది. ఆ ఒక్క ఆవరణలోనే మన తెలుగుతో పాటు ఎన్నో భాషలవాళ్లు వంతులవారీగా ఆరాధన చేసుకుంటారు. పంపని వారం, యజమాని పిల్లలు నిద్రపోయాక, వంటగదిలో ఫోను చెవికి ఆనించుకుని మా కూడికలో కలుస్తుంది. గట్టిగా పాడటానికి వీలుండదు, ‘ఆమేన్’ మాత్రం మెల్లగా అంటుంది. తనలాంటివాళ్లు కొందరు, వీలు చిక్కినప్పుడు, తెలిసినవాళ్ల గదిలో కలిసి ప్రభువు బల్లగా రొట్టె విరుస్తారు. ఆ కూడికకు పేరు లేదు, బోర్డు లేదు. ఏ సంస్థ జాబితాలోనూ లేదు.

ఇంటి సంఘం మొదటి నుంచీ పెరిగింది ఇలాంటివాళ్ల వల్లే. బైబిలులోని అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బతికే దంపతులు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్లగొట్టినప్పుడు కొరింథుకు వచ్చారు, అక్కడి నుంచి ఎఫెసుకు వెళ్లారు, తర్వాత మళ్లీ రోమాకు చేరారు. ఎఫెసులో, రోమాలో వారి ఇంట సంఘం ఉన్నట్టు అపొస్తలుడైన పౌలు రాసిన లేఖల్లోనే ఉంది. మన కాలంలో చైనాలోని వెన్‌జౌ వర్తకులు పారిస్‌కు, ఇటలీలోని ప్రాటోకు వ్యాపారాలతో పాటు తమ ప్రార్థనా కూటాలనూ తీసుకెళ్లారు. వాళ్లను ఎవరూ మిషనరీలుగా పంపలేదు.

చైనా సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నిజానికి చెప్పుకోవలసింది అక్కడే ఎక్కువ ఉంది. కమ్యూనిస్టులు అధికారానికి వచ్చిన 1949లో అక్కడ ప్రొటెస్టంట్లు పది లక్షలు దాటరు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో విదేశీ మిషనరీలు దాదాపు అందరూ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది, విదేశీ డబ్బు ఆగిపోయింది. ప్రభుత్వ సంఘంలో చేరనన్న పాస్టరు వాంగ్ మింగ్‌దావ్ 1955లో జైలుకు వెళ్లారు, మరుసటి ఏడాది విడుదలైనా మళ్లీ జైలుపాలై 1980 దాకా బయటికి రాలేదు. మరో సంఘ నాయకుడు వాచ్‌మన్ నీ 1972లో నిర్బంధంలోనే కన్నుమూశారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో చర్చిలన్నీ మూతబడితే విశ్వాసం ఇళ్లలోనే నిలిచింది. 2018లో చైనా ప్రభుత్వం తానే ప్రకటించిన లెక్క 3.8 కోట్లకు పైగా ప్రొటెస్టంట్లు. ఈ పెరుగుదల వెనుక నెలనెలా నివేదికలు అడిగిన సంస్థ లేదు. ఇంటి సంఘాలంటేనే విదేశీ డబ్బుతో నడిచేవని మన దగ్గర అనేవాళ్లు కూడా ఈ చరిత్ర ఒకసారి చూడాలి. మన దగ్గరే సువార్తికులు భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా నడిపిన సంఘాలు విదేశీ మిషను జీతం మీద పెరగలేదు.

ఆ మధ్య ఇలాంటి అంతర్జాతీయ సంస్థ ప్రతినిధి ఒకరు మా మండలానికి వచ్చారు. ఫోనులో ఒక యాప్ పెట్టించి, ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొత్తవారు, ఎన్ని బాప్తిస్మాలు అని వారం వారం పంపమన్నారు. ప్రతి కూడికకూ ఫోటో తప్పనిసరి అన్నారు. కొత్త సంఘానికి ఇంత అని సహాయం ఉంటుందని చెప్పారు. ఏడాది తిరిగేసరికి మా పక్క ఊళ్లో సోమవారం ఒకరింట్లో, బుధవారం మరొకరింట్లో, శనివారం ఇంకొకరింట్లో కలిసే అవే కుటుంబాలు మూడు సంఘాలయ్యాయి. ఆ పని చేసిన తమ్ముడు చెడ్డవాడు కాడు. ముగ్గురు పిల్లల తండ్రి, అంకె పెరగకపోతే వచ్చే నెల డబ్బు రాదని భయపడ్డాడు. ఆ భయం పెట్టినవాళ్ల మీదే నాకు కోపం.

అంకెల కోసం తీసిన ఫోటోల వల్ల కలిగే హాని ఇంకా పెద్దది. ఇరాన్‌లో ఇంటి సంఘం నడిపినందుకు జైలు శిక్షలు పడుతున్నాయి. నిఘా కెమెరాలు పెట్టనివ్వని బీజింగ్ సీయోను సంఘాన్ని 2018లో మూయించారు. అది చిన్న గుంపులుగా, ఇంటర్నెట్ ద్వారా ఇతర నగరాలకు పాకింది. 2025 అక్టోబరులో దాని పాస్టరును, మరికొందరు నాయకులను నిర్బంధించారు. అంత దూరం పోనక్కరలేదు. గల్ఫ్‌లో ఇంటిపని చేసే అమ్మాయి ఫోటో యజమాని కంటబడితే పని పోవచ్చు. మన రాష్ట్రంలో, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, బీసీ-సీ కిందికి వస్తాడు. ఆ ఉత్తర్వు అన్యాయమనే నేను నమ్ముతాను. కానీ అది అమల్లో ఉండగా, పేదవాళ్ల పేర్లూ ముఖాలూ ఏదో దేశంలోని దాతల పుస్తకంలో అచ్చు వేయడానికి ఎవరికి హక్కుంది? వాళ్లను అడిగారా?

మీకు నా విన్నపం: ఇకపై ఇలాంటి వార్తలకు ముఖాలు కనిపించే ఫోటోలు వేయకండి. ఆ సంస్థ ఇచ్చిన అంకెలను మీ విలేఖరి కనీసం ఒక్క మండలంలోనైనా తిరిగి సరిచూడాలి.

ఆ సంస్థ పెద్దలకు కూడా ఈ పత్రిక ద్వారానే చెబుతున్నాను. సంఘానికి ఇంత అని లెక్కకట్టి డబ్బు ఇచ్చే పద్ధతి ఆపండి. మన జిల్లాల్లో ఎవరికి ఎంత పంపారో, ఆ సొమ్ము దేనికి ఖర్చయిందో తెలుగులో రాసి, ఆ కూడికల్లో కూర్చునే ఆడవాళ్ల ముందు చదవండి. ప్రశ్నలు అడగనివ్వండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కోనసీమ
(పేరు ప్రచురించవద్దని మనవి)